నవలకు ముందు రోజూ ఒక పేజీ: షిఫ్టు ఉద్యోగంలో ఉన్న మిత్రుడికి జవాబు

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతావారికీ అర్థమవుతుంది. మీరు విశాఖ కూర్మన్నపాలెంలో ఉంటూ స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం చేస్తున్నారు. 2014లో వచ్చిన హుద్‌హుద్ తుపాను నేపథ్యంగా, ఒక జాలరి కుటుంబం గురించి నవల రాయాలని కోరిక. ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టారు. మూడుసార్లూ మూడో అధ్యాయం దగ్గరే ఆగిపోయారు. రోజూ రాసే అలవాటు ముందు చేసుకుని తర్వాత నవలకు రావాలా, నవల రాస్తూ పోతే అలవాటు దానంతటదే పడుతుందా అని అడిగారు. వారానికోసారి షిఫ్టు మారిపోతుంటే రోజూ రాయడం ఎలాగన్నది రెండో ప్రశ్న. రాసి పెట్టుకున్న అధ్యాయాలను ఏం చేయాలన్నది మూడోది.

అలవాటే ముందు. ఒక ఆరు నెలలు నవల జోలికి పోకండి. ఈ మాట మీకు నిరాశ కలిగిస్తుందని తెలుసు. కానీ చాలా ఏళ్ళుగా నేను రాస్తున్నాను, కొత్తవాళ్ళ రాతప్రతులు చదువుతున్నాను. మూడో అధ్యాయంలో ఆగిన నవలలు నా దగ్గరకు వచ్చినన్ని ఇంకేవీ రాలేదు. అవి రాసినవాళ్ళలో ప్రతిభ లేనివాళ్ళు తక్కువే.

మూడో అధ్యాయంలోనే ఎందుకు ఆగుతుందో చూడండి. ఏళ్ళ తరబడి మనసులో మోస్తున్న దృశ్యాలన్నీ మొదటి అధ్యాయంలోకి వచ్చేస్తాయి. ఆ రాత్రి గాలి హోరు, ఒడ్డున కట్టేసిన పడవలు, తలుపుకు అడ్డంగా జరిపిన మంచం. మిగిలింది రెండో అధ్యాయానికి సరిపోతుంది. మూడోదానికి వచ్చేసరికి దాచుకున్నది అయిపోతుంది. అక్కడి నుంచి కల్పించాలి. ఎవరు ఎక్కడికి వెళ్తారు, ఎందుకు వెళ్తారు, వెళ్ళకపోతే ఏమవుతుంది అని కూర్చుని తేల్చుకోవాలి. ఆ పని ఉత్సాహంతో జరగదు. డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చిన రోజున, తోచీ తోచని రోజున కూర్చుని చేయాల్సిన పని అది. అలాంటి రోజుల్లో కూర్చోవడం అలవాటైనవాళ్ళకు అది మామూలు రోజు. అలవాటు లేనివాళ్ళు మాత్రం నవలే బాగాలేదనుకుని పక్కన పెట్టేస్తారు.

నవల రాస్తూ అలవాటు నేర్చుకోవచ్చు కదా అంటే, అసాధ్యం అనను, కష్టం అంటాను. నవలలో ప్రతి పేజీ మీదా నవలంతటి బరువు ఉంటుంది. ఒక పేజీ చెడితే మొత్తం చెడినట్టే అనిపిస్తుంది. సాధన కోసం రాసిన పేజీ చెడితే పోయేదేమీ లేదు, రేపు ఇంకొకటి రాస్తారు. ఈ నిశ్చింత ఉన్నచోటే చేతికి రాత వంటబడుతుంది.

ఆరు నెలలు ఎందుకన్నానో కూడా చెప్పాలి. 21 రోజులు చేస్తే ఏ అలవాటైనా అయిపోతుందన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. దాన్ని నమ్ముకుని 22వ రోజు కూడా రాయడం కష్టంగానే ఉందని మానేసినవాళ్ళు ఉన్నారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో అచ్చు వేసిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ: 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. అది కూడా భోజనంతో పండు తినడం, నీళ్ళు తాగడం, కాస్త వ్యాయామం చేయడం లాంటి పనులకు. రాయడం వాటికన్నా కష్టం కాబట్టి ఆరు నెలలు ఎక్కువేమీ కాదు. అదే అధ్యయనంలో మీకు పనికొచ్చే ఇంకో మాట ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. అందుచేత ఒక రోజు తప్పితే మర్నాడు రెండు పేజీలు రాసి బాకీ తీర్చాలని చూడకండి. బాకీలు పెట్టుకున్నవాళ్ళు నోటుబుక్కును చూసి భయపడటం మొదలుపెడతారు. ఆ రోజును వదిలేసి, మర్నాడు ఎప్పటిలా ఒక పేజీ రాయండి.

ఇక షిఫ్టుల సంగతి. గడియారానికి ముడిపెట్టకండి, ఒక పనికి ముడిపెట్టండి. ఉదయం ఐదింటికి లేచి రాయమనే సలహా తెల్లవారుజామునే డ్యూటీకి బయలుదేరేవాళ్ళకు పనికిరాదు. రాత్రంతా డ్యూటీ చేసి అప్పుడే ఇల్లు చేరినవాళ్ళకు అసలే పనికిరాదు. మీ రోజులో ఏ షిఫ్టులోనైనా మారకుండా ఉండేది ఏదో వెతుక్కోండి. నా ఎంపిక అయితే, ఇంట్లో తీరిగ్గా కూర్చుని తాగే మొదటి టీ. పొద్దుటి షిఫ్టయితే అది మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం తిని, కాసేపు నడుం వాల్చి లేచాక వస్తుంది. మధ్యాహ్నం షిఫ్టయితే ఉదయమే వస్తుంది. రాత్రి షిఫ్టయితే పగటి నిద్ర లేచాక వస్తుంది. టైము మూడు రకాలుగా మారినా టీ ఒకటే. కప్పు పెట్టుకునే చోటే నోటుబుక్కు, పెన్ను ఉండాలి, నిన్నటి పేజీ దగ్గర తెరిచి ఉండాలి. టీ పూర్తయ్యేదాకా ఫోను ఇంకో గదిలో ఉండాలి. ఈ చివరి షరతు దగ్గర మాత్రం రాజీ పడకండి. వాట్సాప్ తెరిచాక పేజీ మొదలుపెట్టినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

షిఫ్టు మారే రోజు ఒళ్ళు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రోజుకు ఐదు వాక్యాలు చాలు. ఐదంటే ఐదు. ఇంట్లో పెళ్ళి ఉన్నా, జ్వరం వచ్చినా ఐదు వాక్యాలు రాయవచ్చు. మిగతా రోజుల్లో లాంగ్ నోటుబుక్కులో ఒక పేజీ. గంటల లెక్క పెట్టుకోవద్దు, ఎందుకంటే గంటసేపు కిటికీలోంచి చూస్తూ కూడా కూర్చోవచ్చు. రోజుకు వెయ్యి పదాలన్న లెక్క కూడా వద్దు. అది ఇంగ్లీషులో రాసేవాళ్ళు పెట్టుకున్న లెక్క. అక్కడ నాలుగైదు పదాలయ్యేది మన దగ్గర తరచు ఒకే పదంలో ఇమిడిపోతుంది కాబట్టి వెయ్యి పదాల తెలుగు చాలా ఎక్కువ రాత. పేజీ అయితే కంటికి కనిపిస్తుంది, నిండిందో లేదో తెలిసిపోతుంది.

ఏం రాయాలన్నదే అసలు విషయం. అలవాటు గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువమంది దీన్ని దాటేస్తారు. ఏదో ఒకటి రాయండి, మనసులో ఉన్నది కాగితం మీద పెట్టండి అంటారు. మనసులో ఉన్నది రోజూ రాస్తే నెల తిరిగేసరికి మీ అలసట, మీ చిరాకు, మీ పై అధికారి గురించి ముప్పై పేజీలు ఉంటాయి. డైరీగా అది మంచిదే కావచ్చు, నవలకు మాత్రం సాధన కాదు. నవలకు కావాల్సింది బయటి మనిషిని, బయటి వస్తువును చూసి, చూసింది చూసినట్టు చెప్పే చెయ్యి.

హుద్‌హుద్ గురించి రాయమంటే కొత్తగా రాసేవాళ్ళ దగ్గర నుంచి వచ్చే పేజీ ఇంచుమించు ఇలా ఉంటుంది: "హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. ప్రకృతి ప్రకోపానికి మహావృక్షాలు నేలకొరిగాయి. ప్రజలు భయభ్రాంతులకు గురయ్యారు. జనజీవనం స్తంభించింది." ఇందులో తప్పేమీ లేదు. ఆ రోజు విలేఖరికి ఈ మాటలు అవసరం కూడా. కానీ ఇవి మీరు చూసి రాసినవి కావు, చెవిలో ఎప్పటి నుంచో ఉన్నవి వాటంతటవే పెన్నులోకి దిగాయి. ఏ ఊరికైనా, ఏ తుపానుకైనా సరిపోతాయి.

ఇప్పుడు ఇంకో పేజీ చూడండి. సాధన పేజీ ఎలా ఉండవచ్చో చూపించడానికి నేను రాసినది: "మా మేడ మీద నీళ్ళ ట్యాంకు లేదు. దాని మూత మాత్రం పిట్టగోడ మూలకు ఇరుక్కుని ఉంది. అమ్మ ఆ మూతను తిరగేసి వాననీళ్ళు పట్టింది. తమ్ముడు ఒక గుక్క తాగి, ఉప్పగా ఉన్నాయని ఉమ్మేశాడు. సముద్రమే మేడ ఎక్కి వచ్చిందిరా, నువ్వు వద్దంటే పోతుందా, తాగు అంది అమ్మ." ఇందులో భీభత్సం అన్న మాట లేదు, భయం అన్న మాట లేదు. ట్యాంకు ఎగిరిపోయింది, మూత మిగిలింది. గాలి ఎంత బలంగా వీచిందో ఆ మూత చెబుతుంది. తల్లి ఎలాంటి మనిషో ఆమె మాటలో తెలిసిపోతుంది. ఇలాంటి ఐదు వాక్యాలు రావడానికి అరగంట పడితే పట్టనివ్వండి.

మీ దగ్గర ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకోండి. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటింది. తర్వాత కొండల మీద పచ్చదనం పోయింది. చెట్లకు మిగిలిన కాస్త ఆకు కూడా ఉప్పుగాలికి మాడి గోధుమ రంగుకు తిరిగింది. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు పనిచేయలేదు. పాల కోసం, పెట్రోలు కోసం వరుసలు. సరిగ్గా పదకొండు రోజులకు, 23న దీపావళి వచ్చింది. విరిగి ఎండిన కొమ్మలు ఎక్కడికక్కడ పడి ఉండటంతో టపాసులు కాల్చవద్దన్నారు. తుపానుకు ముందే టపాసులు కొని అటక మీద దాచుకున్న పిల్లవాడు ఆ రాత్రి ఏం చేశాడు? అది ఒక పేజీ. ఎవరింట్లో జనరేటరు ఉందని తెలిసి వీధంతా చార్జర్లు పట్టుకుని వెళ్ళింది? ఆ ఇంటావిడ మొదటి రోజు ఎలా పలకరించింది, మూడో రోజు ఎలా పలకరించింది? అది ఇంకో పేజీ. పాల వరుసలో నిలబడిన ఇద్దరు మనుషుల చేతుల్లో ఏమున్నాయి? ఒక్కొక్కటి ఒక్కో రోజుకు. వీటిని నవల కోసం రాస్తున్నానని అనుకోకండి, కథగా మలచకండి. ఆ వస్తువు, ఆ మనిషి, ఆ క్షణం, అంతే.

మొదటి రెండు నెలలు ఇలా చూసిన పేజీలు రాయండి. వాటిలో వారానికి రెండు మాత్రం విన్న పేజీలు కావాలి. మీ నవల జాలరి కుటుంబం గురించి కదా, ఆ మాట మీ చెవిలో ఉండాలి. వీక్లీ ఆఫ్ రోజున ఫిషింగ్ హార్బరుకు వెళ్ళండి, పెద జాలరిపేటకు వెళ్ళండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం ఉంటుంది. అప్పుడు పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ, పడవలకు మరమ్మతులు చేసుకుంటూ కనిపిస్తారు. వేట ఉన్న రోజుల్లోని హడావిడి అప్పుడు ఉండదు కాబట్టి మాట కలుస్తుంది. నవల రాస్తున్నానని చెప్పకండి, ఫోనులో రికార్డు చేయకండి. అలా చేస్తే వాళ్ళు మాట్లాడే తీరే మారిపోతుంది. విని ఇంటికి వచ్చి, గుర్తున్నంతవరకు రాయండి. గుర్తుండిపోయిన మాటే మీకు పనికొచ్చే మాట. ఒక హెచ్చరిక: యాస రాయడమంటే ప్రతి పదాన్నీ విరిచి, అక్షరాలు మింగేసి రాయడం కాదు. అది చదివేవాళ్ళకు వెక్కిరింతలా తగులుతుంది. వాళ్ళు ఎంచుకునే మాట, వాక్యాన్ని తిప్పే తీరు, చెప్పకుండా వదిలేసేది ఏమిటో పట్టుకోండి.

మూడో నెల నుంచి పద్ధతి మార్చండి. ఒకే మనిషిని ఏడు రోజులు రాయండి. సోమవారం ఆమె చేపల తట్ట దించుకుంటుంది, మంగళవారం చిట్టీ డబ్బుల దగ్గర గొడవ పడుతుంది, బుధవారం కూతురి స్కూలుకు వెళ్తుంది. ఆదివారం ఏడు పేజీలూ కలిపి చదవండి. సోమవారం నెమ్మదస్తురాలిగా ఉన్న మనిషి గురువారానికి కారణం లేకుండా గయ్యాళి అయిపోయి ఉంటుంది. మీ మూడో అధ్యాయం ఎక్కడ తెగిందో అప్పుడు మీకు కళ్ళకు కడుతుంది. నవలలో కష్టమైనది వర్ణన కాదు. ఒక మనిషిని నెలల తరబడి, రోజుకు కొంచెం కొంచెంగా, అదే మనిషిగా పట్టుకుని ఉండటం కష్టం. చిన్నగా వారం రోజుల మీద దాన్ని సాధన చేయండి. మళ్ళీ ఇంకో మనిషి, ఇంకో వారం.

ఐదో నెలలో కథలు రాయండి, చిన్నవే, రెండు చాలు. కానీ పూర్తి చేయాలి. మీరు మూడుసార్లు మొదలుపెట్టి మొదలుపెట్టడం బాగా నేర్చుకున్నారు. ముగించడం ఒక్కసారి కూడా చేయలేదు. ముగింపు బాగా కుదరకపోయినా, కథ ఎక్కడా అచ్చు కాకపోయినా ఫరవాలేదు. చివరి వాక్యం రాసి కింద తేదీ వేసిన అనుభవం నవల మధ్యలో ఉన్నప్పుడు మీకు అండగా నిలుస్తుంది.

ఉద్యోగం అడ్డమని మీ ఉత్తరంలో రెండు చోట్ల రాశారు. విశాఖలో ఉంటూ ఆ మాట అనుకోకండి. రావిశాస్త్రి ఈ ఊళ్ళోనే వకీలుగా ప్రాక్టీసు చేస్తూ రాశారు. కోర్టుల్లో ఆయన చూసిన మనుషులే ఆయన కథల్లోకి నడిచి వచ్చారు. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు, ఈ ఊళ్ళోని సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో లెక్కలు చెబుతూనే తెలుగు కథ గర్వించే కథలు రాశారు. ఆయన రాసింది తక్కువే, అయినా రాశి తక్కువైందని ఎవరూ అనలేదు. మీ ఫర్నేసు దగ్గరి మనుషులు, క్యాంటీను మాటలు, రాత్రి షిఫ్టు బస్సులో నిద్రపోయే ముఖాలు, ఇవన్నీ మీ చేతిలో ఉన్న సరుకే. ఇవాళ జాలరిపేట వెళ్ళలేకపోతే వాటి మీద పేజీ రాయండి.

ఇంకో కష్టం ఉంది, అది మీ తప్పు కాదు. ఒకప్పుడు వారపత్రికలు సీరియళ్ళు వేసేవి. వారం తిరిగేసరికి భాగం అందకపోతే పత్రికలో చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టి రచయిత కూర్చునేవాడు. మన నవలల్లో ఎన్నో అలా ఆ గడువు ఒత్తిడి మీదే పూర్తయ్యాయి. ఇప్పుడు మీ పేజీ కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. అందుకని ఎదురుచూసే మనిషిని ఒకరిని మీరే ఏర్పాటు చేసుకోండి. ప్రతి ఆదివారం ఆ వారం పేజీలు ఆయనకు ఇవ్వాలి. ఆయన చేయాల్సింది ఒక్కటే, అందాయి అని చెప్పడం. బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో జరిగే సాహిత్య సభలకు నాలుగుసార్లు వెళ్తే అలాంటి మనిషి దొరుకుతారు. ఫేస్‌బుక్‌లో రోజూ పెట్టడం మాత్రం వద్దు. మెచ్చుకోళ్ళు వచ్చిన పేజీ లాంటిదే మర్నాడు కూడా రాయాలనిపిస్తుంది. సాధన అక్కడితో ఆగిపోతుంది.

పేజీ ముగించేటప్పుడు తర్వాతి వాక్యం తెలిసిన చోట ఆపండి, మొత్తం ఊడ్చేయకండి. మర్నాడు టీ చల్లారేలోపే పెన్ను కదులుతుంది. ఏమీ తోచని రోజున చూచిరాత చేయండి. మీకు ఇష్టమైన రచయిత రాసిన ఒక పేరాను నెమ్మదిగా, కామా కూడా వదలకుండా చేత్తో ఎత్తి రాయండి. చదివినప్పుడు కనిపించని వాక్యపు నడక చేతికి తెలుస్తుంది. అలాంటి రోజు కూడా రాసిన రోజు కిందే లెక్క. రాసిన రోజున దిద్దకండి, నెలకోసారి దిద్దుకోండి. పెన్నా, కంప్యూటరా అన్నది మీ ఇష్టం. కంప్యూటర్ అయితే మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయండి. పాత ఫాంట్లలో చేసింది ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోక ఏడిపిస్తుంది.

ఆరు నెలల తర్వాత నవలకు సిద్ధమయ్యానని ఎలా తెలుస్తుందని అడుగుతారు. బాగాలేని రోజుల్లో రాసిన పేజీలు మీ నోటుబుక్కులో మంచి రోజుల పేజీలకన్నా ఎక్కువ ఉండాలి. మీరు పిలవకపోయినా ఒక మనిషి పదే పదే పేజీల్లోకి వస్తుండాలి. ఆ మనిషికి చివరికి ఏమవుతుందో, పూర్తిగా కాకపోయినా, మీకు తెలిసి ఉండాలి. ఈ మూడూ ఉంటే మొదలుపెట్టండి. అప్పుడు లెక్క కూడా భయపెట్టదు. డెమ్మీ సైజు పుస్తకంలో పేజీకి సుమారు 200 పదాలనుకుంటే 200 పేజీల నవలకు 40,000 పదాలు. మీ ఒక పేజీ రాత 150 పదాలనుకున్నా దాదాపు తొమ్మిది నెలల్లో మొదటి ప్రతి చేతికి వస్తుంది. ఐదు వాక్యాల రోజులన్నీ కలుపుకుంటే ఏడాది అనుకోండి.

పాత అధ్యాయాల సంగతి. చింపేయకండి, ఇప్పుడు చదవకండి కూడా. ఒక కవరులో పెట్టి మీ ఆదివారం మిత్రుడికి ఇచ్చేయండి, అడిగినా ఇవ్వవద్దని చెప్పండి. నవలను ఈసారి మొదటి అధ్యాయంతో ఎత్తుకోవద్దు. మీకు బాగా తెలిసిన ఒక దృశ్యంతో, అది కథ మధ్యలోదైనా సరే, మొదలుపెట్టండి. కొత్త ప్రతి సగం దాటాక ఆ కవరు తీసుకోండి. అందులోని గాలి హోరు, మంచం అడ్డం పెట్టిన తలుపు అప్పుడు ఏ అధ్యాయంలో కూర్చోవాలో మీకే తెలుస్తుంది. నా అంచనా ప్రకారం మొదట్లో మాత్రం కాదు.